చేతికి రాత, తలకి అర్థం: వెన్నెలకంటి సుబ్బారావు గారి కథ

ఈ సెమిస్టర్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్‌లో నాకు జరిగిన చిన్న పరాభవంతో మొదలుపెడతాను. రికార్డు బాగా రాశాను. గుండ్రటి అక్షరాలు, స్కేలు పెట్టి గీసిన మార్జిన్లు, పెన్సిల్‌తో నీటుగా వేసిన సర్క్యూట్లు. ఎగ్జామినర్ గారు నాలుగు పేజీలు తిప్పి, చేతిరాత ముత్యాల్లా ఉందని మెచ్చుకున్నారు. ఆ వెంటనే నేను రాసిన ఒక వాక్యం మీద వేలు పెట్టి, దీని అర్థం ఏమిటో చెప్పమన్నారు. అది సీనియర్ రికార్డు చూసి దించిన వాక్యం. రాసింది నా చెయ్యే, కానీ నాకు ఆ వాక్యంతో పరిచయం లేదు. నోరు పెగల్లేదు.

మీలో చాలామందికి ఇది కొత్త కథేం కాదని నాకు తెలుసు. కానీ సరిగ్గా ఈ జబ్బు గురించే 200 ఏళ్ళ కిందట, 1820లో, మన తీరం పిల్లవాడొకడు పెద్దయ్యాక మద్రాసులో ఒక నివేదిక రాశాడని తెలిసినప్పుడు నాకు భలే ఆశ్చర్యం వేసింది. ఆయన పేరు వెన్నెలకంటి సుబ్బారావు. తెలుగువాళ్ళలో మొట్టమొదట ఆత్మకథ రాసుకున్నాయన అని సాహిత్య చరిత్రలో ఒక లైను చదివే ఉంటారు. ఆ ఒక్క లైను దాటి వెళ్దాం రండి. ముఖ్యంగా ఆయన కాలంలో పిల్లలకి రాత ఎలా వచ్చేది, ఆ రాత ఆయన్ని ఎక్కడిదాకా తీసుకెళ్ళింది, ఎక్కడ చాలకుండా పోయింది అన్నది చూద్దాం.

ఇసుకే పలక

సుబ్బారావు గారు 1784 నవంబర్ 28న కందుకూరు దగ్గర ఓగూరులో పుట్టారు. కందుకూరు, ఒంగోలు అప్పుడు నెల్లూరు ప్రాంతంలో భాగమే. కందుకూరు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా అలాగే ఉంది. ఆ తర్వాత కందుకూరు అటూ ఇటూ మారుతూ వచ్చిందనుకోండి, అది వేరే కథ. ఒకపక్క మన్నేరు, ఇంకోపక్క కాస్త దూరంలో సముద్రం, మధ్యలో తాటితోపులు, ఎటు చూసినా ఇసుక. ఆయన పుట్టేనాటికి ఈ నేల ఆర్కాటు నవాబుది. 1801లో పూర్తిగా ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. అంటే ఒక ప్రభుత్వంలో పుట్టి, పదిహేడేళ్ళు వచ్చేసరికి ఇంకో ప్రభుత్వంలో తేలిన తరం ఆయనది.

ఆ రోజుల్లో బడి అంటే ప్రత్యేకంగా బిల్డింగు ఉండేది కాదు. ఎవరో ఒకరి ఇంటి అరుగే బడి. అందుకే వీధిబడి, అరుగుబడి అనేవాళ్ళు. అయ్యవారు ఒక్కరే. పిల్లలు పన్నెండు మంది నుంచి నలభై మంది దాకా. ఆనాటి బళ్ళు ఎలా నడిచేవో మనకి బాగా తెలియడానికి కారణం, 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో జిల్లాల్లోని బళ్ళ వివరాలన్నీ పంపమని కలెక్టర్లని అడగడం. బళ్ళారి కలెక్టర్ క్యాంబెల్ 1823లో పంపిన జవాబు వీటిలో బాగా పేరుపడింది. అందులోని వివరాలు చూస్తే మన తాతల తాతల బాల్యం కళ్ళ ముందు కనిపిస్తుంది.

పిల్లవాడికి అయిదో ఏడు రాగానే మంచిరోజు చూసి అక్షరాభ్యాసం. వినాయకుడికి పూజ చేసి, అయ్యవారు పిల్లవాడి వేలు పట్టుకుని బియ్యంలో రాయిస్తారు. మర్నాటి నుంచి బడి. పొద్దున్నే ఆరింటికల్లా అరుగు మీద ఉండాలి. అందరికంటే ముందొచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. అది గౌరవం. రెండోవాడికి సున్నా చుడతారు. అంటే పొగడ్తా లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా ఆలస్యాన్ని బట్టి పెరుగుతుంది. మన బయోమెట్రిక్ అటెండెన్స్ నయమనిపించింది నాకు.

ఇక రాత దగ్గరికొస్తే, ముందు అక్షరం పేరు వల్లెవేయించి, చాలా కాలం తర్వాత రాయించే పద్ధతి అప్పటి యూరప్‌లోది. మన బళ్ళలో మొదటిరోజు నుంచే రాత. నేల మీద ఇసుక పరిచి, చూపుడు వేలితో అక్షరం దిద్దుతూ, దాని పేరు గట్టిగా పలకాలి. చెయ్యి, కన్ను, నోరు, చెవి నాలుగూ ఒకేసారి పనిచేస్తాయి. తప్పుపోతే అరచేత్తో చదును చేసి మళ్ళీ మొదలు. కాగితం ఖర్చు లేదు, సిరా ఖర్చు లేదు. మనకైతే ఇసుకకి కరువే లేదు.

ఇక్కడ చిన్న పక్కదారి. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల కోసం ఒక ఆశ్రమం తెరిచారు. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతగురువు దాని బాధ్యత తీసుకున్నాడు. ఆయన ఒకసారి ఇలాంటి దేశీబడి ఒకటి చూశాడు. పిల్లలు ఇసుకలో దిద్దుకుంటున్నారు, పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకి నేర్పుతున్నారు. తన బడిలో కూడా అలాగే ఇసుక పరిపించి, పిల్లల చేత పిల్లలకి చెప్పించాడు. ఇంగ్లండ్ వెళ్ళాక 1797లో దీని మీద పుస్తకం వేశాడు. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఇంగ్లండ్‌లో బీదపిల్లల బళ్ళలో ఇసుక పళ్ళేలు వచ్చాయి. ఆ పద్ధతికి మద్రాసు పద్ధతి అనే పేరే స్థిరపడిపోయింది. 1789లో మన సుబ్బారావు గారికి సరిగ్గా అయిదేళ్ళు. ఇసుకలో దిద్దే వయసే.

ఇసుక నుంచి గొలుసుకట్టుకి

ఇసుకలో అక్షరాలు వచ్చాక గుణింతాలు, ఒత్తులు. తర్వాత మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, జంతువుల పేర్లు. ఆ తర్వాత అంకెలు, భిన్నాలు, ఎక్కాలు. ఈ దశలో ఇసుక నుంచి కడితానికి మారతారు. గుడ్డకి బొగ్గుపొడి, జిగురు కలిపి దళసరిగా పట్టించి, ఆరబెట్టి, మడతలు పెట్టేవాళ్ళు. దాని మీద బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచేయొచ్చు. నల్లబల్లని మడిచి చంకలో పెట్టుకెళ్ళినట్టన్నమాట. ఇంకోపక్క తాటాకు, గంటం. ఎడమచేత్తో ఆకు పట్టుకుని, కుడిచేత్తో గంటాన్ని నొక్కి గీకుతూ రాయాలి. తర్వాత మసి పూసి తుడిస్తే గాట్లలో నలుపు నిలిచి అక్షరం పైకి కనిపిస్తుంది. అడ్డంగా తిన్నగా గీస్తే ఆకు ఈనె వెంట చిరిగిపోతుందని, తెలుగక్షరాలు ఇంత గుండ్రంగా ఉండడానికి అదే కారణమని అంటారు.

తాటాకు మీద అక్షరానికి అక్షరం విడివిడిగానే ఉంటుంది. గంటంతో ఒక అక్షరం నుంచి ఇంకోదానిలోకి జారడం కష్టం. కాగితం, కలం చేతికొచ్చాక పరిస్థితి మారిపోయింది. కలం ఎత్తకుండా, ఒక అక్షరం తోక పట్టుకుని ఇంకో అక్షరం తలకట్టు అల్లుకుంటూ పోయే రాత పుట్టింది. దాని పేరే గొలుసుకట్టు. ఇంగ్లీషులో మనం నాలుగు గీతల కాపీలో దిద్దిన కర్సివ్ ఉంది చూడండి, దానికి మన తెలుగు చుట్టం ఇదే. కరణాలు లెక్కలు, దస్తావేజులు, అర్జీలు, ఉత్తరాలు ఈ రాతలోనే రాసేవాళ్ళు. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. వాక్యం చివర చుక్క ఉండదు. ఒక్కో కరణానిది ఒక్కో వాటం.

మరి పిల్లలకి ఇది ఎప్పుడు, ఎలా వచ్చేది? దీనికి కాపీ పుస్తకాలు లేవు. అయ్యవారు ఊళ్ళో వాళ్ళ దగ్గర, కచేరీల దగ్గర పాత ఉత్తరాలు, కాగితాలు పోగుచేసి తెచ్చేవారు. అక్షరాలు, అంకెలు గట్టిపడ్డ పెద్ద పిల్లల ముందు అవి పడేసి చదవమనేవారు. రకరకాల చేతుల రాతని విడగొట్టి చదవడమే పాఠం. అది వచ్చాక మామూలు ఉత్తరం రాయడం, ఒప్పంద పత్రం రాయడం. అంటే గొలుసుకట్టు అప్పట్లో అలంకారం కోసం నేర్చుకునే రాత కాదు. బతుకుతెరువు కోసం నేర్చుకునేది. అది వస్తే పిల్లవాడు బడి దాటి కచేరీ గుమ్మం ఎక్కగలడు.

మా అమ్మమ్మ గారి ఇంట్లో ఒక ఇనప్పెట్టెలో ఇలాంటి కాగితాల కట్ట ఉంది. ఇంట్లో ఇంజనీర్లం నలుగురం ఉన్నాం. ఒక్కరం ఒక్క లైను చదవలేం. తెలుగే, మన తెలుగే. అయినా చదవలేం.

ఒక్క మాట కూడా చెప్పుకోవాలి. ఆ అరుగు మీద అందరికీ చోటు లేదు. ఆడపిల్లల్లో చాలామందికి, అంటరానివాళ్ళని పక్కనపెట్టిన కులాల పిల్లలకి ఆ ఇసుక అందలేదు. నెల్లూరులో ఆడపిల్లల చదువు కోసం పొణకా కనకమ్మ గారు కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది 1923లో. సుబ్బారావు గారి అక్షరాభ్యాసం నుంచి లెక్కేస్తే 130 ఏళ్ళ పైమాటే. సుబ్బారావు గారు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు కాబట్టి ఆ మొదటి గడప ఆయనకి సులువుగానే దాటొచ్చింది. తర్వాతి గడపలే కష్టమయ్యాయి.

ఇంకో భాష, ఇంకో గొలుసు

చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇల్లు గడవాలి. అప్పుడే దేశం చేతులు మారుతోంది. కంపెనీ దొరలు వస్తున్నారు, వాళ్ళ కచేరీలు వస్తున్నాయి, వాటిలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి జీతాలు వస్తున్నాయి. తెలుగు రాత, లెక్కలు నేర్చుకున్న కుర్రవాడు ఇంగ్లీషు వైపు తిరిగాడు. ఇప్పుడు మనం ఆ భాషలో కోడ్ రాస్తున్నది ఎందుకో, అప్పుడు ఆయన దాన్ని నేర్చుకున్నదీ అందుకే. ఉద్యోగం కోసం.

అప్పట్లో ఇంగ్లీషు రాత అంటే మామూలు రాత కాదు. బాతు ఈక ములికి చెక్కి, సిరాలో ముంచి, కుడివైపు వాలుగా, పైకి వెళ్ళే గీత సన్నంగా, కిందికి దిగే గీత లావుగా, మాట పూర్తయ్యేదాకా చెయ్యెత్తకుండా రాయాలి. రౌండ్ హ్యాండ్ అనేవాళ్ళు. లండన్‌లో జార్జ్ బిక్‌హామ్ అనే ఆయన పద్దెనిమిదో శతాబ్దం మొదటి సగంలోనే ఈ రాతకి పెద్ద నమూనా పుస్తకం చెక్కి అచ్చు వేశాడు. కంపెనీలో చేరే కుర్రదొరల ఉద్యోగం పేరే రైటర్. ఇప్పటికీ కలకత్తాలో వాళ్ళ భవనం పేరు రైటర్స్ బిల్డింగ్స్. ఎందుకంటే కంపెనీ మొత్తం చేతిరాత మీద నడిచేది. ఇక్కడ రాసిన ప్రతి కాగితానికీ నకళ్ళు తీయాలి. ఒకటి జిల్లాలో, ఒకటి మద్రాసులో, ఒకటి లండన్‌లో. జిరాక్స్ లేని ప్రపంచంలో జిరాక్స్ మెషీన్లు మనుషులే.

అలాంటి చోట మంచి రాత ఉన్న దేశీ కుర్రవాడికి పని దొరకడం తేలిక. దొరికిన పని చేస్తూ పోవడం కూడా తేలిక. కాగితం ముందు పెడితే దించేయడమే. అర్థం తెలియక్కర్లేదు. ఇంకా చెప్పాలంటే అర్థం తెలియనివాడే తప్పులు తక్కువ చేస్తాడు, ఎందుకంటే సొంత మాట కలపడు కదా. చాలామంది ఆ మెట్టు మీదే జీవితం గడిపేశారు.

సుబ్బారావు గారు అక్కడ ఆగలేదు. 1802 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో కొత్త కోర్టుల పద్ధతి వచ్చింది. జిల్లా కోర్టులు, వాటి పైన మద్రాసులో సదర్ అదాలత్. తీర్పు చెప్పే దొరకి ఫిర్యాదీ భాష రాదు, ఫిర్యాదీకి దొర భాష రాదు. మధ్యలో రెండు భాషలూ, రెండిటి రాతా వచ్చిన మనిషి కావాలి. ఒక రైతు తన నాలుగెకరాల గురించి గొలుసుకట్టులో రాయించుకొచ్చిన అర్జీని చదవాలి, దాన్ని ఇంగ్లీషులోకి మార్చాలి. ఒక మాట అటూ ఇటూ అయితే ఆ నాలుగెకరాలు పోతాయి. నకలు రాసేవాడికి చెయ్యి బాగుంటే చాలు. అనువాదకుడికి అది చాలదు.

చిన్న ఉద్యోగాలతో మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ, తెలుగు, ఇంగ్లీషులతో పాటు కన్నడం, మరాఠీ లాంటి భాషలు కూడబెట్టుకుంటూ ఆయన 1815 నాటికి మద్రాసు సదర్ కోర్టులో అనువాదకుడు, దుబాసీ అయ్యారు. అప్పటికి ఆయనకి ముప్ఫై ఒక్క ఏళ్ళు కూడా నిండినట్టు లేదు. 1829 దాకా, పద్నాలుగేళ్ళు ఆ పదవిలో ఉన్నారు. ప్రెసిడెన్సీ మొత్తం మీద అప్పీళ్ళు వచ్చి చేరే కోర్టు అది. ఒక దేశీయుడికి ఆ రోజుల్లో అందే పెద్ద పదవుల్లో అదొకటి. మద్రాసు వీధుల్లో ఆయన ఎలా నడిచి ఉంటారో ఊహించుకోండి. ఇసుకలో వేలితో దిద్దిన చెయ్యి ఇప్పుడు పెద్ద కోర్టు కాగితాలని అనువదిస్తోంది.

1820 నాటి నివేదిక

ఇక్కడే అసలు సంగతి. 1820లో మద్రాసులో స్కూల్ బుక్ సొసైటీ ఏర్పడింది. బళ్ళలో పిల్లలకి కావాల్సిన పుస్తకాలు తయారుచేయించి అచ్చు వేయించడం దాని పని. అందులో సుబ్బారావు గారిని సభ్యుడిగా తీసుకున్నారు. దేశీ బళ్ళ పరిస్థితి ఏమిటి, ఏం చేస్తే బాగుంటుంది అనే విషయం మీద ఆయన ఒక నివేదిక రాసిచ్చారు.

ఆయన చోటులో ఇంకెవరున్నా ఏం రాసేవారు? రెండు దారులున్నాయి. దొరల ముందు మన బళ్ళని ఆకాశానికెత్తడం ఒకటి. మనవాళ్ళకేమీ రాదు, మీరే దిక్కు అని సాష్టాంగపడడం ఇంకొకటి. ఆయన ఈ రెండూ చేయలేదు. తాను ఏ అరుగు మీద నుంచి వచ్చారో ఆ అరుగుని గుర్తు తెచ్చుకుని, అక్కడ లోపం ఏమిటో చెప్పారు.

ఆ లోపం ఇదీ: పిల్లలకి అక్షరాలు వస్తున్నాయి, రాత వస్తోంది, పద్యాలు కంఠతా వస్తున్నాయి. అర్థం మాత్రం రావడం లేదు. బడిలో చదివించేవన్నీ పద్యకావ్యాలు. వాటి భాష పిల్లవాడు ఇంట్లో మాట్లాడే భాష కాదు. అయ్యవారికే చాలాసార్లు పూర్తిగా తెలియదు. వ్యాకరణం నేర్పేవాళ్ళు లేరు. పిల్లవాడు వందల పద్యాలు గడగడా అప్పజెప్పి, అందంగా రాసి చూపించి, చదువు ముగిసిందనుకుని బయటికొస్తాడు. ఇంగ్లీషు చదువూ ఇంతే. స్పెల్లింగ్ పుస్తకంలో కొన్ని పేజీలు, ఏవో రెండు మూడు కథలు, కాస్త నకలు రాయడం వస్తే ఇంగ్లీషు వచ్చేసినట్టే. ఆ మాత్రం చదువుతో కచేరీల్లో చేరిపోతారు.

మందు కూడా ఆయనే చెప్పారు. పిల్లలకి తేలిగ్గా అర్థమయ్యే భాషలో, నీతికథల్లాంటి పుస్తకాలు తయారుచేయించాలి. వ్యాకరణం బోధించాలి. మంచి ఉపాధ్యాయులు కావాలి. చదివింది అర్థమైందో లేదో పరీక్షించాలి.

మూడేళ్ళ తర్వాత బళ్ళారి నుంచి క్యాంబెల్ కూడా తన నివేదికలో ఇంచుమించు ఇదే గమనించాడు, పిల్లలు తెలియని భాషలో పద్యాలు చిలకల్లా వల్లిస్తున్నారని. కానీ ఆయన బయటినుంచి చూసి చెప్పిన మనిషి. సుబ్బారావు గారు ఆ వల్లెవేతలోంచే వచ్చిన మనిషి. అంత పదవిలో ఉండి, తన చదువులోనూ అదే లోటుందని బయటపెట్టడానికి ధైర్యం కావాలి. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. ఎక్స్‌టర్నల్‌లో నోరు పెగలని నేను, బయటికొచ్చాక ఫ్రెండ్స్‌తో మాత్రం ఎగ్జామినర్ సిలబస్‌లో లేనిది అడిగాడని చెప్పాను మరి.

తెలుగు పిల్లల చేతికి అచ్చు పుస్తకం రావడానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టింది. పుదూరు సీతారామశాస్త్రి గారి బాలశిక్ష 1832లో వచ్చింది. అదే పెరిగి పెరిగి పెద్ద బాలశిక్ష అయింది. అప్పుడు గాని అచ్చక్షరం చూసి దిద్దడం అనేది మన పిల్లలకి అలవాటు కాలేదు. అచ్చు పెరిగేకొద్దీ విడివిడి అక్షరాలదే రాజ్యమై, గొలుసుకట్టు మెల్లగా కరణాల పెట్టెల్లోకి వెళ్ళిపోయింది. బళ్ళలో దాన్ని నేర్పడం ఎప్పుడో ఆగిపోయింది.

తన కోసం రాసుకున్నది

1829లో సుబ్బారావు గారు పదవి వదిలేశారు. ఎన్నో ఏళ్ళు ఇతరుల మాటల్ని ఇంకో భాషలోకి మార్చిన మనిషి, ఈసారి తన మాటలు రాసుకున్నారు. ఎక్కడ పుట్టాను, ఎలా చదువుకున్నాను, ఎక్కడెక్కడ కొలువు చేశాను, ఎవరు సాయపడ్డారు అన్న తన జీవితాన్నంతా ఇంగ్లీషులో రాసిపెట్టారు. అప్పటికి మన వాళ్ళలో స్వీయచరిత్ర రాసే అలవాటే లేదు. కందుకూరి వీరేశలింగం గారి స్వీయచరిత్ర రావడానికి ఇంకా దశాబ్దాలు పడుతుంది.

1839 అక్టోబర్ 1న, యాభై అయిదేళ్ళు నిండక ముందే సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ రాతప్రతి ఇంట్లోనే ఉండిపోయింది. 34 ఏళ్ళ తర్వాత, 1873లో, కొడుకు వెంకటగోపాలరావు గారు బంధుమిత్రుల కోసమని మద్రాసులో అచ్చు వేయించారు. పుస్తకం పేరులో తండ్రి ఒంగోలు వాస్తవ్యుడనీ, 1815 నుంచి 1829 దాకా సదర్ కోర్టు అనువాదకుడనీ, ఇది ఆయన స్వయంగా రాసిందనీ వేశారు. తర్వాత చాలా కాలానికి అక్కిరాజు రమాపతిరావు గారు దాన్ని తెలుగులోకి తెచ్చారు. ఒక తెలుగువాడి మొదటి ఆత్మకథని తెలుగువాళ్ళు అనువాదంలో చదవాల్సి రావడం విచిత్రమే. కానీ ఆయన జీవితం తెలిశాక అంత విచిత్రంగా అనిపించదు. బతుకంతా ఆయన చేసింది భాషల మధ్య రాకపోకలే కదా.

మన నాలుగు గీతల కాపీ

ఇప్పుడు మన సంగతి. మనలో చాలామంది యూకేజీలోనో ఒకటో తరగతిలోనో నాలుగు గీతల కాపీలో ఇంగ్లీషు కర్సివ్ దిద్దాం. ఎర్రగీతలకి, నీలంగీతలకి మధ్య కొమ్ములు, తోకలు ఎక్కడ ఆగాలో కొలిచి కొలిచి నేర్పారు. ఏడో తరగతికొచ్చేసరికి సగం మంది సొంత రాతలోకి మారిపోయాం. బీటెక్‌లో మన రాత మనకే అర్థం కాదు. తెలుగు గొలుసుకట్టు ఉందన్న సంగతి కూడా తెలియని మనం, వేల మైళ్ళ దూరపు గొలుసుకట్టు మాత్రం వేళ్ళు నొప్పెట్టేలా దిద్దాం.

ప్రపంచంలో దీని మీద పెద్ద చర్చే జరుగుతోంది. అమెరికాలో 2010లో వచ్చిన ఉమ్మడి ప్రమాణాల్లో కర్సివ్‌కి చోటు పెట్టలేదు, చాలా రాష్ట్రాలు నేర్పడం మానేశాయి. తర్వాత కొన్ని మళ్ళీ తెచ్చాయి. కాలిఫోర్నియాలో 2024 నుంచి ఒకటి నుంచి ఆరో తరగతి దాకా నేర్పాలని చట్టమే చేశారు. పాత ఉత్తరాలు, పాత పత్రాలు చదవలేని తరం తయారవుతోందని అక్కడివాళ్ళ బెంగ. మా అమ్మమ్మ గారి ఇనప్పెట్టె గుర్తొచ్చి, ఆ బెంగ నాకు బాగానే అర్థమైంది. ఫిన్లండ్ మాత్రం 2016లో కలిపిరాతని తప్పనిసరి పాఠంగా ఉంచకుండా తీసేసింది.

ఎవరు ఒప్పు అని తేల్చేంత దాన్ని కాను. సుబ్బారావు గారి కథలోంచి నాకు అర్థమైంది చెబుతాను. ఆయనకి చేతిరాత అన్నం పెట్టింది, అందులో సందేహం లేదు. అరుగు మీద ఇసుకలో పడ్డ పునాది లేకపోతే సదర్ కోర్టు లేదు. కానీ అదే అరుగు మీద దిద్దిన తోటి పిల్లలందరూ సదర్ కోర్టుకి వెళ్ళలేదు. రాసినదాన్ని అర్థం చేసుకోవాలనే పట్టుదల ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళింది. పెద్దయ్యాక, తన తర్వాతి పిల్లలకి ఆ అర్థం బడిలోనే దొరకాలని అడిగారు. 200 ఏళ్ళయింది. మనం ఇంకా రికార్డులు దించుతూనే ఉన్నాం.

పోయిన వారం రికార్డులో ఆ పేజీ మళ్ళీ తీశాను. ఆ ప్రయోగం ఏమిటో టెక్స్ట్‌బుక్ చూసి అర్థం చేసుకుని, పక్కన తెల్లకాగితం మీద నా మాటల్లో, తెలుగులో నాలుగు లైన్లు రాసుకున్నాను. రాత గొప్పగా లేదు, కొట్టివేతలు కూడా ఉన్నాయి. ఇప్పుడెవరైనా ఆ వాక్యం మీద వేలు పెట్టి అడిగితే మాత్రం జవాబు చెప్పగలను.